లైనక్స్ మింట్ ఇన్‌స్టాల్ చివర్లో ఆగిపోయింది, విండోస్ కూడా పోయింది – సోమవారం లోపు సాయం కావాలి

పత్రికలబ్బాయి | 2025 నవంబరు 8, శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. కంగారులో ఉన్నాను, తప్పులుంటే మన్నించండి.

మాది తెనాలి. ఇంట్లో 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది. ఇంటెల్ ఐ3 నాలుగో తరం, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. నాన్నగారు ఇంటి దగ్గరే డీటీపీ చేస్తారు. పెళ్ళి పత్రికలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, దశదిన కర్మ కార్డులు. అంతా పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, అను ఫాంట్లతో. 2009 నుంచి చేసిన పనంతా డీ డ్రైవ్‌లోనే ఉంది.

విండోస్ 10కి అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది కదా. విండోస్ 11 ఈ ప్రాసెసర్‌కి కుదరదు. అందుకని పత్రికలకు పాత విండోస్ అలాగే ఉంచి, నెట్‌కీ బ్యాంకు పనులకీ లైనక్స్ మింట్ అనే ఇంకో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామని 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. మింట్ 22.2 దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేశాను. లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపితే, చక్కగా వచ్చింది. ఇన్‌స్టాల్ కొట్టాక అంతా కాపీ అయి, చివర్లో ‘గ్రబ్-ఇన్‌స్టాల్ ఫెయిల్డ్, దిస్ ఈజ్ ఏ ఫాటల్ ఎర్రర్’ అని ఆగింది. గ్రబ్ అంటే ఆన్ చేయగానే ఓఎస్‌ని లేపే బూట్‌లోడర్ అట. రెండోసారి చేస్తే ‘గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎండీ64-సైన్డ్’ అనే ప్యాకేజీ ఎక్కలేదని ఆగింది.

ఇప్పుడు మింటూ లేదు, విండోసూ లేదు. ఆన్ చేస్తే నేరుగా బయోస్ తెరలోకే (బోర్డు సెట్టింగులు ఉండేది) పోతోంది. అమ్మా నాన్నగారూ అరుణాచలం వెళ్ళారు, సోమవారం పొద్దున దిగుతారు. ఈలోగా ఏదో ఒకటి చేయాలి.

---

అంతాఫార్మాట్ | రాత్రి 9.52

రెండు డిస్కులూ ఫార్మాట్ కొట్టి మొదటినుంచి వేయండి బ్రో. అరగంట పని.

---

బూట్‌బాబాయి | రాత్రి 9.58

పైన చెప్పింది చేయొద్దు. అబ్బాయీ, ఆ హార్డ్ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకు. ఫార్మాట్ వద్దు, రిపేర్ వద్దు, ‘స్టార్టప్ రిపేర్’ వీడియోలు అసలే వద్దు. నేను వచ్చేదాకా కంప్యూటర్ కట్టేసి ఉంచినా నష్టం లేదు.

---

కడప_కీబోర్డు | రాత్రి 10.05

పెన్‌డ్రైవే అనుమానం సామీ. యాడ కొన్నావో ఏమో. దించిన ఫైలు షా256 (ఫైలు చెడకుండా దిగిందో లేదో చెప్పే కోడు) సరిపోయిందా లేదా చూసినావా? సగం కేసులు ఆడనే తేలిపోతాయి.

---

పత్రికలబ్బాయి | రాత్రి 10.31

చూశానండీ, మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో. మింట్ సైటులో ఇచ్చిన షా256తో అక్షరం తేడా లేకుండా సరిపోయింది.

---

కడప_కీబోర్డు | రాత్రి 10.34

ఫైలు మంచిదే. పెన్‌డ్రైవ్ సంగతి నాకింకా నమ్మకం లేదబ్బా. రాసి పెట్టుకో.

---

ఓరుగల్లు_వైర్‌మన్ | రాత్రి 10.40

అన్నా, బయోస్‌ల సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ఓఎస్‌లను లేవనియ్యని తాళం) ఆన్ ఉన్నదేమో జెర చూడు. నాకు ఒకసారి గట్లనే సతాయించింది.

---

బూట్‌బాబాయి | రాత్రి 10.47

సెక్యూర్ బూట్ కాదులే వైర్‌మనూ. అదే అయితే పెన్‌డ్రైవ్ దగ్గరే గొడవ చేసేది, లైవ్ దాకా రానిచ్చేది కాదు.

పత్రికలబ్బాయీ, రెండు ప్రశ్నలు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య బయోస్‌లో ఏమైనా మార్చావా? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మధ్యలో ఏదైనా హెచ్చరిక వచ్చిందా?

---

పత్రికలబ్బాయి | రాత్రి 10.55

లేదండీ, ఏమీ మార్చలేదు. హెచ్చరికలూ ఏమీ రాలేదు.

---

బూట్‌బాబాయి | రాత్రి 11.10

నువ్వు అబద్ధమాడుతున్నావని కాదు, మర్చిపోయి ఉంటావు. నువ్వు రాసిన రెండు ఎర్రర్లే ఆ మాట చెబుతున్నాయి.

మొదటిసారి ఉత్త ‘గ్రబ్-ఇన్‌స్టాల్’ అన్నది. రెండోసారి పేరులోనే ‘ఈఎఫ్ఐ’ ఉంది. ఒకే పెన్‌డ్రైవ్, ఒకే కంప్యూటర్. ఇన్‌స్టాలర్ ఏ పద్ధతిలో లేచిందో ఆ పద్ధతి గ్రబ్‌నే వేస్తుంది. పాత బయోస్ పద్ధతిలో లేస్తే పాత గ్రబ్, దాని బదులు వచ్చిన కొత్త పద్ధతి యూఈఎఫ్ఐలో లేస్తే ఈఎఫ్ఐ గ్రబ్. మధ్యలో ఈఎఫ్ఐ అన్న మాట ఊరికే ఊడిపడదు. ఎవరో ఒక మీట నొక్కారు. ఆ ఇంట్లో నువ్వొక్కడివే ఉన్నావు.

---

పత్రికలబ్బాయి | రాత్రి 11.26

క్షమించండి బాబాయి గారూ. మొదటిసారి ఫెయిలయ్యాక యూట్యూబ్‌లో ఒకాయన ‘సీఎస్ఎం డిసేబుల్ చేసి యూఈఎఫ్ఐ ఓన్లీ పెట్టండి, వంద శాతం పనిచేస్తుంది’ అన్నాడు. అది చేశాను. అది మార్పు కింద లెక్క అనుకోలేదు.

హెచ్చరిక కూడా వచ్చింది, ఇప్పుడు గుర్తొస్తోంది. ‘బయోస్ బూట్ ఏరియా’ అని ఏదో పెద్ద పేరా. కింద ‘గో బ్యాక్’, ‘కంటిన్యూ’ ఉంటే కంటిన్యూ కొట్టాను. రెండోసారి ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ లేదు’ అని వచ్చింది. దానికీ కంటిన్యూ కొట్టాను.

---

ఓరుగల్లు_వైర్‌మన్ | రాత్రి 11.29

నవ్వాపుకోలేకపోతున్న. తప్పుగ అనుకోకు అన్నా, మేమందరం గదే బటన్ కొట్టి నేర్చుకున్నోళ్ళమే.

---

బూట్‌బాబాయి | రాత్రి 11.52

ఇప్పుడు కథంతా దొరికింది. విను.

నీ విండోస్ ఎక్కడికీ పోలేదు. 2014లో షాపువాళ్ళు వేసినప్పుడు పాత బయోస్ పద్ధతిలో, ఎంబీఆర్ డిస్క్ మీద వేసి ఉంటారు. ఎంబీఆర్ అంటే డిస్కులోని భాగాల (పార్టిషన్ల) లెక్క రాసుకునే పాత పద్ధతి, జీపీటీ దాని కొత్త రకం. ఆ రోజుల్లో మన ఊళ్ళలో అందరూ అలాగే వేసేవారు. అలాంటి డిస్క్ లేవాలంటే బోర్డులో సీఎస్ఎం ఉండాలి. కొత్త యూఈఎఫ్ఐ బోర్డుకి పాత బయోస్ భాష అనువదించి చెప్పే దుబాసీ అది. నువ్వు ఆ దుబాసీని ఇంటికి పంపేశావు. ఇక బోర్డుకి ఆ డిస్క్ మాట అర్థం కాక, బూట్ చేయడానికేమీ లేదని బయోస్ తెర చూపిస్తోంది.

ఇక మింట్ సంగతి. ఆ ఎస్‌ఎస్‌డీని ముందు విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సిద్ధం చేశావా? ‘జీపీటీ’ అని ఎంచుకున్నావా?

---

పత్రికలబ్బాయి | రాత్రి 11.58

అవునండీ! ఎంబీఆరా జీపీటీయా అని అడిగితే, జీపీటీ కొత్తది కదా అని అదే పెట్టాను. తర్వాత మింట్‌లో, పార్టిషన్లు మనమే చేసుకునే ‘సమ్‌థింగ్ ఎల్స్’లోకి వెళ్ళి ఒక రూట్ (మింట్ ఉండేది), ఒక స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది) చేశాను. బూట్‌లోడర్ ఎక్కడ అంటే ఎస్‌ఎస్‌డీయే ఎంచాను.

---

బూట్‌బాబాయి | నవంబరు 9, ఆదివారం, అర్ధరాత్రి 12.20

ఆ చివరి మాటకి నీకు వంద కొబ్బరికాయలు కొట్టొచ్చు. అక్కడ హార్డ్ డిస్క్ ఎంచి ఉంటే, విండోస్ లేచే తొలి సెక్టారు మీద గ్రబ్ కూర్చునేది. బాగుచేయగలం గానీ తలనొప్పి.

మొదటిసారి ఎందుకు ఆగిందంటే: ఎంబీఆర్ డిస్కులో తొలి సెక్టారుకీ మొదటి పార్టిషన్‌కీ మధ్య మామూలుగా 1 ఎంబీ ఖాళీ ఉంటుంది. పాత గ్రబ్ తన ప్రధాన భాగాన్ని అందులో దాచుకుంటుంది. జీపీటీలో ఆ మొదటి జాగాలోనే పార్టిషన్ పట్టిక కూర్చుంటుంది. అందుకని గ్రబ్‌కి విడిగా 1 ఎంబీ పార్టిషన్ చేసి ఇవ్వాలి. నువ్వు చూసిన ‘బయోస్ బూట్ ఏరియా’ అదే. అది ఇవ్వలేదు, కంటిన్యూ కొట్టావు, గ్రబ్‌కి కూర్చోడానికి పీట లేదు. రెండోసారి యూఈఎఫ్ఐలో లేచింది. దానికి ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ కావాలి, అదీ లేదు.

నీ ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్, ర్యామ్ అన్నీ శుభ్రంగా ఉన్నట్టే లెక్క. ఇక పడుకో. పొద్దున్నే చేయాల్సినవి మూడు, ఈ వరసలోనే: లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి డీ డ్రైవ్ మొత్తం బయటికి కాపీ చేసుకో. తర్వాత సీఎస్ఎం మళ్ళీ ఎనేబుల్ చేసి విండోస్ లేస్తుందో చూడు. మూడోది తర్వాత చెబుతా, ముందే చెబితే నువ్వు దానితోనే మొదలుపెడతావు.

---

డాలస్_రాత్రిపక్షి | అర్ధరాత్రి 12.41

ఇక్కడ మధ్యాహ్నం, అందుకే మేలుకుని ఉన్నా. ఒక వేరే మాట. 2025లో పాత బయోస్ పద్ధతిలో ఎందుకండీ? విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఉంది, 1703 వెర్షన్ నుంచి వస్తోంది. డేటా పోకుండా డిస్కుని జీపీటీకి మారుస్తుంది. తర్వాత రెండూ యూఈఎఫ్ఐలో పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పొడిగింపులో చేరితే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. అది కూడా చేయించుకోండి.

---

పత్రికలబ్బాయి | ఉదయం 7.15

లైవ్‌లో లేపి ‘డిస్క్స్’ అనే ప్రోగ్రామ్ తెరిచాను. 500 జీబీ డిస్కులో సీ, డీ, ఈ మూడూ కనబడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. డీ చదవడానికి మాత్రమే తెరుచుకుంది, రాయనివ్వట్లేదు.

కానీ కొత్త భయం. నాన్నగారి వర్డ్ ఫైలు ఒకటి తెరిస్తే అంతా పిచ్చి గుర్తులు, ఒక్క తెలుగు అక్షరం లేదు. ఫైళ్ళు పాడైపోయాయా?

---

కడప_కీబోర్డు | ఉదయం 7.22

పాడు కాలేదు సామీ. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో చెల్లే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటికి అను ఫాంటు తొడిగితేనే తెలుగులా కనబడతాయి. మింట్‌లో ఆ ఫాంట్ లేదు కాబట్టి అసలు రూపం బయటపడింది. పేజ్‌మేకర్ ఫైలు అయితే అసలు తెరుచుకోదు కూడా. కాపీ చేసుకో, గమ్మునుండు. మా నాయన ప్రెస్సులో 10 ఏండ్లు ఇదే చూసినా.

---

బూట్‌బాబాయి | ఉదయం 7.30

చదవడానికి మాత్రమే తెరుచుకోవడం ఫాస్ట్ స్టార్టప్ వల్ల. విండోస్ షట్‌డౌన్ అన్నప్పుడు పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచే ఉంటుంది. అది వాడుతున్న డిస్క్ మీద రాయకూడదని మింట్ జాగ్రత్తపడుతోంది. ఇప్పుడు మనకు కావాల్సిందీ అదే. తర్వాత విండోస్‌లో పవర్ ఆప్షన్లలోకి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ తీసేయ్.

---

పత్రికలబ్బాయి | ఉదయం 10.05

41 జీబీ, ఇంట్లో ఉన్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయింది. గంటన్నర పట్టింది. తర్వాత సీఎస్ఎం ఎనేబుల్ చేసి ఆన్ చేస్తే... విండోస్ వచ్చింది! నాన్నగారు పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి వాల్‌పేపర్ చూసి నిజంగా దండం పెట్టాను.

---

ఓరుగల్లు_వైర్‌మన్ | ఉదయం 10.09

అబ్బ, గిప్పుడు ఛాయ్ తాగు అన్నా.

---

డాలస్_రాత్రిపక్షి | ఉదయం 10.20

చాలా మంచిది. పడుకోబోయే ముందు ఇంకోసారి చెబుతున్నా, ఎంబీఆర్2జీపీటీ చూడండి. ముందు ‘వాలిడేట్’ అని నడిపితే ఏమీ మార్చదు, కుదురుతుందో లేదో మాత్రం చెబుతుంది.

---

బూట్‌బాబాయి | ఉదయం 10.45

పక్షి గారి మాటలో తప్పు లేదు. నా సొంత కంప్యూటర్ అయితే నేనూ అదే చేసేవాణ్ణి. కానీ అబ్బాయీ, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడు. డీ, ఈ డ్రైవ్‌ల చుట్టూ ఆకుపచ్చ గీతతో పెట్టె ఉందా?

---

పత్రికలబ్బాయి | ఉదయం 10.52

ఉందండీ. సీ బయట ఉంది. డీ, ఈ రెండూ ఆకుపచ్చ పెట్టెలో ఉన్నాయి.

---

బూట్‌బాబాయి | ఉదయం 11.15

అనుకున్నాను. ఆ ఆకుపచ్చ పెట్టె ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, లోపలివి లాజికల్ డ్రైవ్‌లు. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే కుదురుతాయి కాబట్టి మన అసెంబ్లింగ్ షాపుల్లో సీ ఒకటి విడిగా, మిగతావన్నీ ఒక పెట్టెలో పెట్టడం అలవాటు. ఎంబీఆర్2జీపీటీ ఆ పెట్టె ఉన్న డిస్కుని ముట్టుకోదు, ప్రైమరీ పార్టిషన్లు మాత్రమే కావాలంటుంది. డీని విప్పి, మార్చి, మళ్ళీ పెట్టాలంటే నాన్నగారి 16 ఏళ్ళ పత్రికలతో గారడీ ఆడటమే. రేపు పొద్దున రైలు దిగే మనిషికి ఆ గారడీ చూపించొద్దు.

అలాగని విండోస్ పాత పద్ధతిలో ఉండి, మింట్ యూఈఎఫ్ఐలో ఉంటే, గ్రబ్ మెనూ నుంచి విండోస్‌లోకి దూకడం కుదరదు. ప్రతిసారీ బూట్ మెనూ కీ నొక్కి ఎంచుకోవాలి. నాన్నగారు ఆ పని చేస్తారా? చేయరు. కాబట్టి మింట్ కూడా పాత బయోస్ పద్ధతిలోనే వేద్దాం. కొత్తదనం తక్కువే గానీ, ఇంట్లో గొడవ ఉండదు.

మూడో పని ఇది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పక్క డోర్ తీసి, హార్డ్ డిస్కుకి వెళ్ళే సాటా కేబుల్ పీకేయ్. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచు. కనబడని డిస్కుని ఎవరూ చెరపలేరు. తర్వాత బూట్ మెనూలో నీ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడుతుంది, ఒకదాని ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉంటుంది. అది లేని రెండోది ఎంచు. ఈసారి ‘సమ్‌థింగ్ ఎల్స్’ జోలికి పోకు, ‘ఎరేజ్ డిస్క్’ ఎంచు. ఉన్నది ఖాళీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే కాబట్టి నిర్భయంగా ఎంచొచ్చు. పీటలు ఎక్కడ వేయాలో ఇన్‌స్టాలరే చూసుకుంటుంది.

నేను వనభోజనాలకు వెళ్తున్నాను. ఉసిరి చెట్టు కింద సిగ్నల్ ఉంటే చూస్తా.

---

పత్రికలబ్బాయి | మధ్యాహ్నం 1.40

అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. సగంలో ‘ఎర్ర్‌నో 5, ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’ అని ఆగింది. ఇదెక్కడి ఖర్మండీ.

---

కడప_కీబోర్డు | మధ్యాహ్నం 1.44

చెప్పినానా లేదా? ఇది మటుకు గ్రబ్ కాదు. చదివే చోటో రాసే చోటో డేటా తెగిపోతాండాదని అర్థం. పెన్‌డ్రైవ్ యాడ పెట్టినావు? ముందు పక్కనా, వెనక పక్కనా?

---

పత్రికలబ్బాయి | మధ్యాహ్నం 1.47

ముందు పక్కన. కొంచెం వదులుగా ఉంటుంది. రాత్రి బాగానే పనిచేసింది కదా అని...

---

కడప_కీబోర్డు | మధ్యాహ్నం 1.50

ఆ క్యాబినెట్ ముందు పోర్టులు 11 ఏండ్లవి. లోపల సన్నని వైరుతో బోర్డుకి వస్తాయి. నువ్వు డోర్ తీసి కేబుల్ పీకేటప్పుడు ఆ వైరు కూడా కదిలి ఉంటాది. వెనక నేరుగా బోర్డు మీదుండే పోర్టులో పెట్టు. అప్పటికీ ఆగితే ఇంకో పెన్‌డ్రైవ్, ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ సాటా కేబుల్. ఒక్కొక్కటే మార్చు, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది తప్పో తెలీదు.

---

పత్రికలబ్బాయి | మధ్యాహ్నం 2.35

అయిపోయింది!!! వెనక పోర్టులో పెట్టాను, 14 నిమిషాల్లో మొత్తం అయింది. రీస్టార్ట్ చేస్తే మింట్ వచ్చింది. కడప అన్నా, మీకు క్షమాపణ, దండం, రెండూ.

---

కడప_కీబోర్డు | మధ్యాహ్నం 2.37

దండం ఎందుకులే. అందరికీ కనబడేటట్టు ‘పెన్‌డ్రైవ్’ అని రాయి చాలు.

---

అంతాఫార్మాట్ | మధ్యాహ్నం 2.50

నేను చెప్పిందీ ఇదేగా బ్రో, ఎరేజ్ డిస్క్.

---

ఓరుగల్లు_వైర్‌మన్ | మధ్యాహ్నం 2.53

నువ్వు రెండు డిస్కులు అన్నవ్. ఆ ఒక్క మాటకే 16 ఏండ్ల పెండ్లిళ్ళు గంగల కలిసేటివి.

---

పత్రికలబ్బాయి | సాయంత్రం 4.10

హార్డ్ డిస్క్ కేబుల్ మళ్ళీ పెట్టాను. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ మొదట ఉంచాను. నేరుగా మింటే వస్తోంది, విండోస్ ఎంచుకునే మెనూ రావట్లేదు.

---

ఓరుగల్లు_వైర్‌మన్ | సాయంత్రం 4.18

గది నాకు తెలుసు. నువ్వు ఇన్‌స్టాల్ జేసినప్పుడు విండోస్ డిస్క్ లేకుండె కదా, గ్రబ్‌కు దాని సంగతి ఎట్ల తెలుస్తది? టెర్మినల్ (ఆదేశాలు టైపు జేసే కిటికీ) తెరిచి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టు. వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మింట్‌ల ముందునుంచే ఆన్ ఉంటది. ఉబుంటూ అనే ఇంకో లైనక్స్‌ల అయితే దాన్ని మనమే ఆన్ జేసుకోవాలె. ‘ఫౌండ్ విండోస్ 10’ అని లైన్ వస్తే పని అయినట్టే.

---

పత్రికలబ్బాయి | సాయంత్రం 4.26

వచ్చింది. ఇప్పుడు మెనూలో రెండూ ఉన్నాయి. విండోస్‌లోకి వెళ్ళి పేజ్‌మేకర్‌లో నిన్నటి పత్రిక ఒకటి తెరిచాను. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’, అక్షరం చెదరలేదు.

ఒకటే చిన్న తేడా. విండోస్‌లో గడియారం పొద్దున 10.56 చూపిస్తోంది. బయోస్ బ్యాటరీ పోయిందా?

---

బూట్‌బాబాయి | సాయంత్రం 6.40

ఇప్పుడే ఇల్లు చేరా. పులిహోర ఎక్కువైంది.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలు, చూశావా? బ్యాటరీ పోతే ఇంత లెక్కగా పోదు. బోర్డు గడియారంలో లైనక్స్ గ్రీనిచ్ లెక్క టైము పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. మింట్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అని కొడితే మింట్ కూడా మన టైమే పెడుతుంది. అదేమో కాస్త సణుగుతుంది, ఇది మంచి పద్ధతి కాదని. పట్టించుకోకు.

ఫాస్ట్ స్టార్టప్ తీశావా?

---

పత్రికలబ్బాయి | సాయంత్రం 6.58

తీశానండీ. టైమూ సరిపోయింది. ఈసారి వచ్చిన హెచ్చరిక రెండుసార్లు చదివి మరీ ముందుకెళ్ళాను.

---

కొత్తసభ్యుడు_88 | సాయంత్రం 7.20

నా ల్యాప్‌టాప్‌లో వైఫై రావట్లేదు, ఉబుంటూ. ఎవరైనా చెప్పగలరా

---

నిర్వాహకులు | సాయంత్రం 7.31

దయచేసి విడిగా చర్చ మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ మోడల్, ఉబుంటూ వెర్షన్ రాయండి. ఈ చర్చకు ‘పరిష్కారమైంది’ అని గుర్తు పెడుతున్నాం.

---

పత్రికలబ్బాయి | నవంబరు 10, సోమవారం, ఉదయం 9.12

గుర్తు పెట్టాక రాస్తున్నందుకు మన్నించాలి. నాన్నగారు వచ్చి, కూర్చుని, మెనూలో విండోస్ ఎంచుకుని పని మొదలెట్టారు. తేడా ఏమీ గమనించలేదు. అమ్మ మాత్రం మింట్‌లోకి వెళ్ళి పేకాట ఎక్కడుందని అడుగుతోంది.

---

బూట్‌బాబాయి | ఉదయం 9.20

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ‘ఐల్‌రయట్’ (aisleriot) అని వెతుకు. అందులో ఎనభై దాకా పేకాటలున్నాయి. అమ్మగారికి కార్తీక సోమవారం నా నమస్కారాలు చెప్పు.